పది కోట్ల పౌండ్లు ఒకేసారి కడతారా?

ప్రశ్న: బోలారంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. యూరప్‌లో ఒక్క ఆటగాడికి పది కోట్ల పౌండ్లంటే మా పిల్లలు నోరెళ్లబెడుతున్నారు. నష్టాల్లో ఉన్న క్లబ్బులకు అంత డబ్బెక్కడిది? అంతా ఒకేసారి కడతారా? చిన్నప్పుడు ఆట నేర్పినవాళ్లకు ఏమైనా ముడుతుందా?
- ఒక కోచ్, సికింద్రాబాద్

జవాబు: కోచ్ గారూ, బ్యాంకులో లోన్లు చూసి రిటైరైనవాణ్ణి, ఈ లెక్కలంటే నాకు మహా ఇష్టం. ఒకేసారి కట్టడం అరుదు. 2017లో బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్బు పీఎస్‌జీ 22.2 కోట్ల యూరోలు ఒక్క దెబ్బలో కట్టిందంటే, బార్సిలోనాతో అతని ఒప్పందంలో ఉన్న విడుదల షరతు, అంటే ఇంత మొత్తం ఒకేసారి కడితే ఆటగాణ్ణి వదిలేయాలన్న మాట, అలాంటిది. మామూలుగా మూడు నాలుగేళ్ల వాయిదాలుంటాయి. ఇన్ని మ్యాచ్‌లాడితే ఇంత, కప్పు గెలిస్తే ఇంత అని పైన మరికొంత. పేపర్లో పడే పెద్ద అంకెలో చాలాసార్లు ఇదీ కలిసే ఉంటుంది. అమ్మిన క్లబ్బుకు డబ్బు అర్జెంటైతే, రావలసిన వాయిదాలను బ్యాంకుకు రాసిచ్చి, కొంత కోత పెట్టించుకుని నగదు తెచ్చుకుంటుంది. బేగంబజార్ వ్యాపారులు బిల్లు డిస్కౌంట్ చేయించుకున్నట్టే.

ఖాతా పుస్తకాల లెక్క వేరు. ఐదేళ్ల ఒప్పందంతో పది కోట్లకు కొంటే ఏటా రెండు కోట్లే ఖర్చు రాస్తారు. 2023 జనవరిలో చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌ను సుమారు 10.7 కోట్ల పౌండ్లకు కొని, ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం రాసుకుంది. ఏటా పడే భారం తగ్గుతుంది కదా! ఆ ఏడాదే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఈ లెక్కకు ఐదేళ్ల హద్దు పెట్టింది, మంచి పని చేసింది. అమ్మితే మాత్రం లాభమంతా ఆ ఏడాదే చూపించుకోవచ్చు. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధరంటూ ఉండదు, వచ్చిందంతా దాదాపు లాభమే. అందుకే ఇరుకున పడ్డ క్లబ్బు పెంచిన పిల్లల్నే అమ్మేస్తుంది. నాకది చాలా బాధగా ఉంటుంది.

మీ చివరి ప్రశ్నే అసలైనది. ముడుతుంది. ఒప్పందం ఇంకా ఉండగా ఆటగాడు వేరే దేశపు క్లబ్బుకు అమ్ముడైతే, ఆ సొమ్ములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య నేర్పిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. 15 వరకు ఏడాదికి 0.25 శాతం, ఆ తర్వాత 0.5. మీ దగ్గర 12 నుంచి 15 దాకా నాలుగేళ్లూ ఆడిన అబ్బాయి పది లక్షల యూరోలకు వెళితే, మీ క్లబ్బుకు 10,000 యూరోలు. తొమ్మిది లక్షల రూపాయల పైమాటే. వలలు, బంతులు, బూట్లు ఎన్ని వస్తాయో మీకే తెలుసు.

అయితే ఫుట్‌బాల్ సంఘంలో చేరని అకాడమీకి పైసా రాదు. 1956 ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ రహీం సాబ్ మన హైదరాబాదీయే. ఇక్కడ నేర్పేవాళ్లకు లోటు లేదు. కానీ నేను చూసిన కోచ్‌లలో చాలామంది పిల్లల పేర్లు నోటుబుక్కులోనే రాసుకుంటారు. మీరలా వదిలేయకండి. క్లబ్బును రాష్ట్ర సంఘంలో చేర్పించి, ప్రతి పిల్లాడి పుట్టిన తేదీ, చేరిన తేదీ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) రిజిస్ట్రేషన్‌లో ఎక్కించండి. వాడు వేరే క్లబ్బుకు వెళ్లిన తేదీ కూడా.