తాళం పగలకుండా దొంగతనం జరిగితే క్లెయిమ్ వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం రాంనగర్. తిరుమల వెళ్లొచ్చేసరికి వాకిలి తలుపు తీసి ఉంది. బీరువా లాకర్ పగలగొట్టి తొమ్మిది తులాల బంగారం ఎత్తుకుపోయారు. మూడు తాళంచెవుల్లో ఒకటి అంతకుముందే పోయింది. పోలీసులు వచ్చి వెళ్లిన మరుసటి రోజే భయంతో పాత బీగం తీయించి కొత్త మోర్టైస్ లాక్, ఇనుప గ్రిల్ పెట్టించాం. బలవంతంగా చొరబడిన గుర్తులు లేవని ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించి 19 నెలలైంది. ఏజెంటు చేత లెటర్లు రాయిస్తూనే ఉన్నాం. పాత బీగం ఒకటి పగలగొట్టి ఫొటో పెడితే పని అవుతుందని తెలిసినాయన అంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, మీ కేసును తేల్చేది ఒక్కటే: దొంగ ఆ తలుపు ఎలా తెరిచాడు?

పోయిన తాళంచెవి దొరికినవాడు దానితో తలుపు తీసి లోపలికొచ్చినా, భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ ప్రకారం అది ఇల్లు పగలగొట్టడం కిందికే వస్తుంది. అందుకే ఎఫ్‌ఐఆర్ బలంగా ఉందని మీకు అనిపించొచ్చు. కానీ కంపెనీ చూసేది పాలసీలో రాసిన మాటను. బలప్రయోగంతో లోపలికి వస్తేనే బర్‌గ్లరీ (చొరబడి చేసిన దొంగతనం) అని పాలసీలో ఉంటే, ఆ బలప్రయోగం రుజువు కావాల్సిందేనని హర్‌చంద్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. బీరువా పగిలింది కదా అంటారేమో. అది ఇంట్లోకి వచ్చాక జరిగిన పని. పాలసీ అడిగేది వాకిలి దగ్గర ఏం జరిగిందని.

చెవి పోయిన రోజే తాళం మార్చి ఉండాల్సింది. అప్పుడు మార్చకుండా, దొంగతనం జరిగాక మాత్రం ఒక్క రోజు ఆగలేదు. మీ ముఖ్యమైన సాక్ష్యం ఆ పాత తాళమే. దాన్ని వడ్రంగి చేతిలో పెట్టేశారు.

ఇక ఆ ఫొటో సంగతి. ససేమిరా వద్దు. తాళం ఏ స్థితిలో ఉందో పోలీసుల పంచనామాలో రాసే ఉంటుంది, మీ ఫొటో దానితో కలవదు. కన్జ్యూమర్ కమిషన్ ముందు నడిచేది కూడా న్యాయవిచారణే. అక్కడ తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే అదే న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. బంగారం పోయినవాళ్లు మీరే, ముద్దాయిలూ మీరే అవుతారు. వడ్రంగి చేత పాత తేదీతో బిల్లు రాయించడమూ ఇదే తప్పు.

ముందు కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి ఎఫ్‌ఐఆర్, పంచనామా నకళ్లు తీసుకోండి. గొళ్లెం వంగిందనో, ద్వారబంధం చెక్క లేచిందనో, వెనక కిటికీ ఊచ వంగిందనో ఒక్క ముక్క ఉన్నా మీ కేసు నిలబడే అవకాశం ఉంది. వడ్రంగి దగ్గర ఆ తాళం ఉందేమో ఇవాళే అడగండి. లేకపోతే, తాను తీసినప్పుడు అది ఎలా ఉందో ఉన్నదున్నట్టు అఫిడవిట్ ఇమ్మనండి. ఆ రోజు ఫోన్‌లో తీసిన ఫొటోలుంటే వాట్సాప్ కాపీలు చాలవు, ఒరిజినల్ ఫైళ్లు ఉన్న ఆ ఫోన్‌నే భద్రంగా ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌తో వాటిని దాఖలు చేయాలి.

గడువు రెండేళ్లు, తిరస్కరణ లేఖ అందిన నాటి నుంచి. మీకు మిగిలింది 5 నెలలే. ఏజెంటు ఎన్ని లెటర్లు రాసినా ఆ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. పంచనామాలో అనుకూలంగా ఏదైనా కనిపిస్తే వెంటనే అనంతపురం జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఏమీ లేకపోతే, పాలసీలో మామూలు దొంగతనానికి కూడా కవర్ ఉందేమో వెతకండి. అదీ లేకపోతే కేసు మీద డబ్బు పెట్టకండి.

కొత్త లాక్ బిల్లు, ఎన్ని చెవులిచ్చారో రాసి ఉన్న కాగితం, తలుపు ఫొటో పాలసీతో పాటు ఒకే కవర్లో పెట్టండి. ఆ చెవుల్లో ఒక్కటి పోయినా, అదే రోజు లాక్ సిలిండర్ (తాళంచెవి దూరే భాగం) మార్పించండి.