ఇన్‌టేక్ సెన్సార్‌కి చిప్ పెడితే కారు పికప్ పెరుగుతుందా? ఆరు వారాలు పెట్టి చూశాక చెబుతున్నాను

రాజోలు నుంచి ఒకరు అడిగారు: "నాది 1200 సీసీ పెట్రోల్ కారు. ఎండాకాలం ఏసీ వేస్తే లాగడం లేదు. ఇన్‌టేక్ సెన్సార్‌కి తగిలించే చిన్న చిప్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, పవర్ 20 శాతం పెరుగుతుందట. పెట్టించుకోవచ్చా?"

వద్దండి. నేను పెట్టాను, ఆరు వారాలు తిప్పాను, తీసేశాను. ఊరికే వద్దని చెప్పేసి వదిలేస్తే మీ ఇబ్బంది అలాగే ఉండిపోతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పాలకొల్లు. వారానికి రెండుసార్లు రాజమండ్రి వెళ్లి రావాలి. నాదీ మీలాగే టర్బో లేని 1200 సీసీ పెట్రోల్ ఇంజిన్. మన వైపు నేలంతా చదును, కారుకి పరీక్ష ఏదైనా ఉంటే అది వంతెనల దగ్గరే. నలుగురం ఎక్కి ఏసీ వేసుకుంటే సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన ఎక్కడానికి మూడో గేరుకి దిగాల్సి వచ్చేది. అది చూసే ఆ చిప్ తెప్పించాను.

పెట్టే ముందు దాని నల్ల తొడుగు బ్లేడుతో కోసి చూశాను. లోపల ఒకే ఒక్క రెసిస్టర్, అంటే కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క, ఉంది. పసుపు, వంకాయ రంగు, ఎరుపు గీతలు. అంటే 4,700 ఓములు. ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగితే రూపాయో రెండో ఉంటుంది. చిప్ అన్న మాటకి తగ్గది అందులో ఏమీ లేదు. అయినా డబ్బు పెట్టాను కదా, చూద్దామని తగిలించాను.

అది పని చేసే తీరు ఇది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పడానికి గొట్టంలో ఒక సెన్సార్ ఉంటుంది. గాలి వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలా కార్లలో వాడే రకమైతే 0 డిగ్రీల దగ్గర సుమారు 5,900 ఓములు, 20 డిగ్రీల దగ్గర 2,500, 40 డిగ్రీల దగ్గర 1,200 చూపిస్తుంది. ఆ సెన్సార్‌కి బదులు దాని తీగలకి 4,700 ఓముల రెసిస్టర్ తగిలిస్తే ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, ఏడాది పొడుగునా ఒకటే కబురు వెళుతుంది: గాలి చల్లగా ఉంది, ఐదు డిగ్రీలే.

దాళ్వా, అంటే ఎండాకాలం వరి కోతల రోజులవి. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మార్టేరు దాటాక కారు పక్కకి ఆపి, ఓబీడీ డాంగిల్, అంటే కారు కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం, పెట్టి ఫోన్‌లో చూశాను. రోడ్డు అంచున ధాన్యం ఆరబోసి ఉంది, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేని ఎండ. ఫోన్‌లో మాత్రం ఇన్‌టేక్ గాలి 5 డిగ్రీలు అని ఉంది. చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను.

చల్లగాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ. కాబట్టి ఈసీయూ పెట్రోల్ ఎక్కువ వదులుతుంది. 45 డిగ్రీల గాలిని 5 డిగ్రీలు అనుకుంటే లెక్క ప్రకారం 14 శాతం ఎక్కువ పోస్తుంది. కానీ లోపలికి వెళ్లింది వేడిగాలే, ఆక్సిజన్ ఒక్క పిసరు కూడా పెరగలేదు. లాకుల దగ్గర నీటిమట్టం స్కేలు మీద అంకెలు చెరిపి పెద్దవి రాస్తే శివారు చేలకి నీళ్లు చేరవు కదండీ, ఇదీ అంతే.

మామూలుగా నడిపేటప్పుడు సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ ఈ తప్పు పసిగట్టి పెట్రోల్ తగ్గించమంటుంది. నా కారులో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, మైనస్ 12కి పడిపోయింది. అంటే ఈ చేత్తో ఎక్కువ పోసి ఆ చేత్తో తీసేయడమే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే చాలా కార్లు ఆక్సిజన్ సెన్సార్ మాట పక్కన పెట్టేస్తాయి, అప్పుడు ఎక్కువైన పెట్రోల్ కాలకుండానే పోతుంది. నాకు మైలేజీ 17 నుంచి 15కి వచ్చింది, వెనక నుంచి పెట్రోల్ వాసన కూడా.

నన్ను భయపెట్టింది మాత్రం అది కాదు. గాలి వేడిగా ఉన్నప్పుడు నాకింగ్, అంటే పెట్రోల్ అదుపు తప్పి అంటుకుని ఇంజిన్‌ని కొట్టడం, రాకుండా ఈసీయూ స్పార్క్ టైమింగ్, అంటే నిప్పురవ్వ వేసే సమయం, కాస్త వెనక్కి జరుపుతుంది. గాలి చల్లగా ఉందని నమ్మించాం కాబట్టి ఆ జాగ్రత్త తీసుకోదు. మొదటి రెండు రోజులు కారు చురుగ్గా అనిపించడానికి కారణం కూడా బహుశా ఇదే. రెండో వారంలో వశిష్ఠ వంతెన ఎక్కుతుంటే ఇత్తడి చెంబులో చిల్లర వేసి ఊపినట్టు ఇంజిన్ నుంచి చప్పుడు వచ్చింది. నాక్ సెన్సార్ కొంత కాపాడుతుంది, నిజమే. కానీ ఆ చప్పుడు పదే పదే వస్తే పిస్టన్లు దెబ్బ తింటాయి. నేను అప్పుడే తీసేయాల్సింది, ఇంకో నాలుగు వారాలు తిప్పడం నా తప్పు.

ఇక కారు ఎందుకు లాగడం లేదు? దీనికి పరీక్ష ఉంది. మీ కారులో మ్యాప్ సెన్సార్ ఉంటే, అంటే ఇన్‌టేక్ లోపలి ఒత్తిడి కొలిచేది, తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డాంగిల్‌లో రీడింగ్ చూడండి. కోనసీమ దాదాపు సముద్రమట్టంలోనే ఉంది కాబట్టి 100, 101 కిలోపాస్కల్ చూపించాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పక్కన కూర్చున్నవాళ్లని ఫోన్ చూడమనండి. 96, 97 వస్తే గాలి దారి బాగున్నట్టు. నాకు 88 వచ్చింది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే మడతల నిండా ధాన్యం నూగు, దుమ్ము. దాని ముందున్న గొట్టంలో ఎలుక గడ్డి కూరింది, రెండు గుప్పిళ్లు వచ్చింది. కోత మిషన్లు తిరిగే రోజుల్లో మన రోడ్ల మీద గాలే అలా ఉంటుంది. సర్వీస్ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా సార్వా (వానాకాలం వరి), దాళ్వా కోతలు అయ్యాక ఒకసారి విప్పి చూడండి. గొట్టం శుభ్రం చేసి కంపెనీ ఫిల్టరే కొత్తది వేశాను. రీడింగ్ 97 అయింది. రెసిస్టర్ తీసేసి, ఈసీయూ పాత లెక్క మరిచిపోయేలా బ్యాటరీ నెగెటివ్ కాసేపు విప్పి పెడితే, నాలుగైదు రోజుల్లో ట్రిమ్ మైనస్ 2 దగ్గర కుదురుకుంది.

మీ కారులో మ్యాప్ బదులు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉంటే అది గాలి బరువు కొలిచే సన్న తీగ. దాని కోసమే అమ్మే స్ప్రే తప్ప కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టొద్దు, దూది తగలనివ్వొద్దు, పూర్తిగా ఆరాకే బిగించండి. నూనె రాసే ఫిల్టర్లు వేస్తే ఆ నూనె వెళ్లి తీగ మీద పేరుకుంటుంది.

బానెట్ కింద డబ్బా లేకుండా బయటికి కనిపించే కోన్ ఆకారం ఫిల్టర్ పెట్టమని కూడా ఎవరైనా చెప్పవచ్చు. తెలిసినవాళ్ల కారులో కొలిచాను, రేడియేటర్ వేడి పీల్చి గాలి 60 డిగ్రీలు దాటింది. గొట్టం కిందికి దించి బంపర్ దగ్గర పెడితే చల్లగాలి వస్తుంది గానీ, వానాకాలంలో కాలువలు పొంగి రోడ్డెక్కే ఊళ్లు మనవి. ఒక్కసారి నీళ్లు పీలిస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కంపెనీ ఆ గొట్టాన్ని పైన పెట్టింది అందుకే.

ఇవన్నీ చేసినా మే నెలలో కొంత తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. 25 డిగ్రీల గాలి 40కి వెళితే ఆక్సిజన్ దాదాపు 5 శాతం తగ్గుతుంది. మన ఉక్కపోత ఇంకొంత తింటుంది. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే గాలిలో దాదాపు 4 శాతం నీటి ఆవిరే. దానికి తోడు ఏసీ కంప్రెసర్.

చిప్ కొనడానికి అనుకున్న డబ్బుతో ఒక డాంగిల్, ఒక ఫిల్టర్ కొనండి. తాళం తిప్పినప్పటి ఒత్తిడి, పూర్తిగా తొక్కినప్పటి ఒత్తిడి, లాంగ్ టర్మ్ ట్రిమ్, ఈ మూడు అంకెలు ఇక్కడ రాయండి. మిగతాది అవి చూసి మాట్లాడుకుందాం.