చర్మ క్యాన్సర్ పరిశోధనకి స్కిన్ డాక్టర్ చదువొక్కటే దారి కాదు

ప్రశ్న: మాది సింగరాయకొండ. మా పాప నెల్లూరులో హాస్టల్‌లో ఉండి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. మా అమ్మకి అరికాల్లో నల్లమచ్చ లేస్తే ఆనెకాయ అనుకుని రెండేళ్లపాటు బ్లేడుతో చెక్కించుకుంటూ వచ్చాం. చివరికి చెన్నైలో బయాప్సీ చేసి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేల్చారు. అప్పట్నుంచి పాప స్కిన్ క్యాన్సర్ మీద రీసెర్చ్ చేసే డాక్టర్‌నవుతానంటోంది. స్కిన్ డాక్టర్ చదివిస్తే సరిపోతుందా? ఎన్నేళ్లు పడుతుంది? నీట్‌లో సీటు రాకపోతే ఏం చేయాలి?

జవాబు: స్కిన్ క్యాన్సర్ అనగానే స్కిన్ డాక్టరే అనుకోవడం సహజం. కానీ మెలనోమా వైద్యాన్ని మార్చేసిన వాళ్ల చదువులు చూడండి. శరీర రక్షణ వ్యవస్థనే క్యాన్సర్ మీదికి నడిపే వైద్యానికి, అంటే ఇమ్యూనోథెరపీకి, 2018లో నోబెల్ అందుకున్న జేమ్స్ ఆలిసన్ అసలు డాక్టరే చదవలేదు, ఆయన పీహెచ్‌డీ చేసిన శాస్త్రవేత్త. ఆయన పరిశోధన నుంచి వచ్చిన ఇపిలిముమాబ్ 2011లో అమెరికాలో మెలనోమా మందుగా అనుమతి పొందింది. రోగి సొంత రక్షణ కణాలనే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పిన స్టీవెన్ రోజెన్‌బర్గ్ సర్జన్. 2014లో అనుమతి వచ్చిన పెంబ్రోలిజుమాబ్ మందు పరీక్షలు నడిపిన ఆంటోనీ రీబాస్ బార్సిలోనాలో మెడిసిన్ చదివి లాస్ ఏంజెలిస్‌లో స్థిరపడ్డ మెడికల్ ఆంకాలజిస్ట్, అంటే మందులతో క్యాన్సర్ వైద్యం చేసే డాక్టర్. కంతి ఎంత లోతుకి దిగిందో మిల్లీమీటర్లలో కొలవడం నేర్పిన అలెగ్జాండర్ బ్రెస్లో పాథాలజిస్ట్, అంటే కండముక్కని మైక్రోస్కోప్‌లో చూసి జబ్బు తేల్చే డాక్టర్. నలుగురిలో ఒక్కరు కూడా స్కిన్ స్పెషలిస్టు కాదు.

కాబట్టి అసలు నిర్ణయం నీట్ దగ్గర కాదు, ఎంబీబీఎస్ అయ్యాక పీజీ బ్రాంచి ఎంచుకునేటప్పుడు ఉంటుంది. తల్లిదండ్రులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

మన దేశంలో స్కిన్ పీజీని ఎండీ డీవీఎల్ అంటారు. చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ అందులోనే, 3 ఏళ్లు. ఈ దారిలో వెళితే మచ్చని మొదట చూసి అనుమానించే మనిషి మీ పాపే అవుతుంది. క్యాన్సర్ మందులు ఇచ్చేది మాత్రం మెడికల్ ఆంకాలజిస్ట్. దానికి మామూలుగా 3 ఏళ్ల ఎండీ జనరల్ మెడిసిన్ చేసి, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి, మరో 3 ఏళ్లు డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు చదవాలి. డీవీఎల్ చేసినవాళ్లకి ఆ డీఎం సీటుకి అర్హత లేదు. ఈ సంగతి డీవీఎల్‌లో చేరాక తెలిస్తే వెనక్కి రావడం కష్టం. కోత వైద్యం ఇష్టమైతే ఎంఎస్ జనరల్ సర్జరీ, ఆపైన ఎంసీహెచ్ సర్జికల్ ఆంకాలజీ, అంటే క్యాన్సర్ ఆపరేషన్ల సూపర్ స్పెషాలిటీ. మైక్రోస్కోప్ ముందు ఓపిగ్గా కూర్చునే స్వభావమైతే ఎండీ పాథాలజీ. పరిశోధనకి పాథాలజీ చాలా మంచి పునాది, అయినా ర్యాంకు వచ్చినవాళ్లు దానివైపు చూడకపోవడం బాధగా ఉంటుంది.

లెక్క ఇది. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5న్నర ఏళ్లు, పీజీ 3, డీఎం 3. ఎక్కడా ఆగకపోతేనే 11న్నర ఏళ్లు. పీహెచ్‌డీ కూడా చేస్తే ఇంకో నాలుగైదేళ్లు. అయితే డాక్టర్‌కి పరిశోధన చేయడానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఎండీలో థీసిస్ ఎటూ రాయాలి, పరిశోధన అక్కడే మొదలవుతుంది. మొదటి తప్పు జరిగేదీ అక్కడే. మెలనోమా మన దగ్గర అరుదు. ఒక్క ఆసుపత్రిలో ఏడాదిన్నర కూర్చున్నా చేతివేళ్లకి సరిపడా కేసులు దొరక్కపోవచ్చు, థీసిస్ మధ్యలో ఆగిపోతుంది. తెలివైన పద్ధతి ఏమిటంటే పాథాలజీ విభాగంలో పాత రోగుల కండముక్కల్ని మైనంలో పెట్టి దాచిన బ్లాకులు, స్లైడ్లు తీసి వెనక్కి చూడటం. లేదంటే అరికాలి మచ్చలన్నింటినీ డెర్మోస్కోప్‌తో పరీక్షించే అంశం తీసుకోవాలి.

డెర్మోస్కోప్ అంటే దాదాపు పదింతలు పెద్దదిగా చూపించే చేతి పరికరం. అరికాలి చర్మం దున్నిన చేనులా ఉంటుంది, చాలు, గట్టు, చాలు, గట్టు. మామూలు పుట్టుమచ్చలో నలుపు ఎక్కువగా చాళ్ల వెంట ఉంటుంది. అదే గట్ల మీద పేరుకుంటే మెలనోమాని అనుమానించి బయాప్సీకి పంపాలి. ఆనెకాయలో ఈ నలుపు గీతలే కనబడవు. మీ అమ్మగారి విషయంలో బ్లేడు వల్ల జరిగిన నష్టం రెండు రకాలు. కాలం పోయింది. పైపొర చెక్కేస్తే కంతి అసలు మందం కొలవడమూ కష్టమవుతుంది. ఆపరేషన్‌లో చుట్టూ ఎంత చర్మం తీయాలన్నది ఆ మందాన్ని బట్టే ఉంటుంది. 1 మిల్లీమీటరు లోపైతే సుమారు 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు.

పాప పట్టుకోదగ్గ ప్రశ్నలు మన చుట్టూనే ఉన్నాయి. తెల్లవాళ్లలో మెలనోమాకి ఎండ పెద్ద కారణం. మనకి ఎక్కువగా వచ్చేది అరికాల్లో, అరిచేతుల్లో, గోళ్ల కింద, ఎండ తగలని చోట్ల. పాశ్చాత్యుల మెలనోమాల్లో దాదాపు సగం కేసుల్లో బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది, దాన్ని గురిచూసే మందులు వచ్చాయి. అరికాలి రకంలో ఆ మార్పు తక్కువ. అందుకే అక్కడ బాగా పనిచేసిన మందు ఇక్కడ అంతగా పనిచేయకపోవచ్చు. ఇంకొకటి మేనరికాలు. జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అనే జబ్బులో ఎండకి దెబ్బతిన్న డీఎన్‌ఏని శరీరం బాగుచేసుకోలేదు, పదేళ్లు నిండకుండానే చర్మ క్యాన్సర్ రావొచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది కాబట్టి, దగ్గర సంబంధాల పెళ్లిళ్లలో ముప్పు ఎక్కువ. మానని కాలిన మచ్చలు, కుష్ఠు పుండ్లు ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారడం మరో పెద్ద విషయం.

ఇప్పుడు నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు, అందులో సగం బయాలజీ. పాప ర్యాంకుని బట్టి ఒంగోలు ప్రభుత్వ మెడికల్ కాలేజీ, నెల్లూరు ఏసీఎస్ఆర్, ఏదొచ్చినా మంచిదే. ఎంబీబీఎస్ పేరున్న కాలేజీలోనే చేయాలన్న పట్టుదల అక్కర్లేదు. చేరాక కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ల ఎస్‌టీఎస్ అనే విద్యార్థుల పథకం కోసం దరఖాస్తు చేయించండి. అది 2 నెలల చిన్న పరిశోధన, స్టైపెండ్ ఇస్తారు. సొంత కాలేజీలో గైడ్‌ని వెతుక్కుని ప్రతిపాదన రాయాలి, ఇంటర్న్‌షిప్‌లోకి వెళ్లేలోపే అవకాశం.

సీటు రాకపోతే ఒక ఏడాది లాంగ్ టర్మ్‌కి పంపండి, అభ్యంతరం లేదు. మూడోసారి, నాలుగోసారి కూర్చోబెట్టడం మాత్రం వద్దు. ఆలిసన్ దారి ఉంది కదా. సైన్స్ చదువులకి కేంద్రం పెట్టిన తిరుపతి ఐఐఎస్‌ఈఆర్‌లో 5 ఏళ్ల బీఎస్-ఎంఎస్ చేసి పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 60 ప్రశ్నలు, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ తలా 15. బైపీసీ పిల్లలకి అర్హత ఉంది కానీ మ్యాథ్స్ 15 వదిలేస్తే ర్యాంకు దొరకదు. కనీసం పదకొండో తరగతి స్థాయి లెక్కలు ఇప్పట్నుంచే రోజుకి గంట చేయించండి. నీట్ దరఖాస్తుతో పాటే దీన్నీ నింపండి, చాలామంది గడువు దాటాక అడుగుతుంటారు.

అమెరికా ఆలోచన ఉంటే అక్కడ బయటి దేశాల వాళ్లకి డెర్మటాలజీ రెసిడెన్సీ, అంటే స్కిన్ పీజీ శిక్షణ, దొరకడం చాలా కష్టం. ఇంటర్నల్ మెడిసిన్ 3 ఏళ్లు, ఆపైన రక్త వ్యాధులు, క్యాన్సర్ వైద్యం నేర్పే హెమటాలజీ-ఆంకాలజీ ఫెలోషిప్ 3 ఏళ్లు, ఇది అందుకోదగ్గ దారి.

మీ అమ్మగారి బయాప్సీ రిపోర్టు జాగ్రత్తగా దాచండి. సంక్రాంతి సెలవులకి పాప ఇంటికొచ్చినప్పుడు చేతికివ్వండి. అందులో బ్రెస్లో మందం అని ఒక వరుస ఉంటుంది, పక్కన మిల్లీమీటర్లలో అంకె. ఆ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో పాపనే వెతికి మీకు చెప్పమనండి.