ఫొనెటిక్ గుర్తులకు సొంత కీబోర్డు: చేతికి అలవాటైన అక్షరాలతోనే మొదలుపెట్టండి

పల్లె మాటలను ఐపీఏ (ఏ భాష ధ్వనినైనా రాసే అంతర్జాతీయ ధ్వని లిపి) గుర్తుల్లో రాసుకుంటున్నానని, ఒక్కో గుర్తును ఎక్కడినుంచో కాపీ చేసి అతికించేసరికే పొద్దు గడిచిపోతోందని, ఎక్స్-సాంపా నేర్చుకోవాలా లేక సొంతంగా ఏదైనా కట్టుకోవాలా అని అడిగారు. సొంతంగానే కట్టుకోండి. నేను హనుమకొండలో ఉంటాను. వరంగల్, కరీంనగర్ ఊళ్ల మాటతీరు రికార్డు చేసి రాసుకోవడం చాలాకాలంగా నా పని. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఎక్స్-సాంపా మంచి పద్ధతే. బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త జాన్ వెల్స్ 1995లో తయారుచేశారు. మామూలు కీబోర్డు మీదున్న వాటితోనే ఐపీఏ అంతా రాయొచ్చు. చిక్కల్లా మన వేళ్లకు ముందే ఇంకో అలవాటు ఉండడం. ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టినవాళ్లకు చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట, పెద్ద ఎన్ ణ, పెద్ద ఎల్ ళ. ఎక్స్-సాంపాలో పెద్ద టీ కొడితే ఇంగ్లీషు ‘థింక్’ మొదట్లో వచ్చే ధ్వని, పెద్ద ఎన్ కొడితే ఙ. ట కావాలంటే చిన్న టీ కొట్టి, వెనక బ్యాక్‌టిక్ పెట్టాలి. ట, డ, ణ, ళ లేకుండా మన దగ్గర ఒక్క వాక్యం నడవదు. అంత తరచుగా వచ్చేవాటికి చేతి అలవాటును ఎదురు తిప్పుకోవడం దండగ.

నేను సెమికోలన్‌ను ముందు పెట్టి, ఆర్‌టీఎస్ అక్షరాన్నే వెనక పెట్టుకున్నాను. సెమికోలన్, పెద్ద టీ కొడితే మూర్ధన్య ట (నాలుక మడిచి పలికేది) గుర్తు వచ్చేస్తుంది (కంప్యూటర్లో ఆ గుర్తుకున్న యూనికోడ్ సంఖ్య 0288). పెద్ద డీకి 0256, పెద్ద ఎన్‌కు 0273. సెమికోలన్ వెంటనే అక్షరం రావడం మామూలు రాతలో ఉండదు కాబట్టి మిగతా టైపింగ్ చెడదు. మా దిక్కు ‘వస్తాడు’ను ‘అత్తడు’ అంటారు కదా, అది రాయాలంటే ఏ, టీ, టీ, ఏ, సెమికోలన్, పెద్ద డీ, యూ. చెయ్యి ఎక్కడా ఆగదు. చిన్న టీ అంటే దంత్యమేనని (నాలుక పళ్లకు తగిలే త) నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్కసారి రాసిపెట్టండి, ప్రతి త కింద దంత్య గుర్తు తగిలించే పని తప్పుతుంది.

‘చ’ దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. ‘చెట్టు’లో చ వేరు, ‘చాప’, ‘చుక్క’లో చ వేరు. ఈ రెండోదానికి ఐపీఏలో టీ, పైన కలిపే వంపు గీత, ఎస్. ఆ గీతను రెండక్షరాల మధ్యలో కొట్టాలి, చివర్న కాదు. ఇలాంటి గుత్తులను ముక్కలుగా కొట్టొద్దు. సెమికోలన్, చిన్న సీ కొడితే మూడూ ఒకేసారి పడేలా పెట్టుకోండి. ‘మ్యాక’ (మేక), ‘న్యాల’ (నేల)లో వచ్చే అచ్చుకు నేను పెద్ద ఈ ఇచ్చాను. సెమికోలన్ రెండుసార్లు కొడితే దీర్ఘం. దీర్ఘానికి కోలన్ మాత్రం వాడకండి. అసలు గుర్తులో ఉండేవి చుక్కలు కావు, ఎదురెదురుగా రెండు చిన్న త్రికోణాలు. కంటికి ఒకటే అనిపించినా కంప్యూటర్‌కు రెండూ వేరు, తర్వాత పదం వెతికితే దొరకదు.

విండోస్‌లో దీనికి ఆటోహాట్‌కీ చాలు, కొట్టిన అక్షరాలను మనం చెప్పిన గుర్తుగా మార్చే ప్రోగ్రాం అది, ఉచితమే. ఒక్కో గుర్తుకు ఒక్కో లైను. అయితే అది మామూలుగా చిన్న, పెద్ద అక్షరాలకు తేడా చూడదు, పదం మధ్యలో పనిచేయదు, స్పేస్ కొట్టేదాకా మార్చదు. మనకు ఈ మూడూ అడ్డమే. లైను మొదట్లోని రెండు కోలన్ల మధ్య నక్షత్రం, ప్రశ్నార్థకం, పెద్ద సీ పెడితే మూడూ తీరతాయి. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. లినక్స్‌లో కంపోజ్ కీ ఉంది, అది నొక్కి వరసగా కొట్టిన కీలు ఒక గుర్తుగా మారతాయి, దాని ఫైల్లో ఇవే జతలు రాసుకోవచ్చు. ఫాంటుకు డౌలోస్ సిల్ గానీ కారిస్ సిల్ గానీ దించుకోండి, రెండూ ఉచితం, గీతలు అక్షరం మీద సరిగ్గా కూర్చుంటాయి.

ఒకేసారి గుర్తులన్నీ ఎక్కించుకోకండి. మీరు రాసే ఊరి మాటలో నిజంగా వచ్చేవాటితో మొదలుపెట్టి, కొత్త ధ్వని వినపడ్డరోజు ఒక లైను కలపండి. లంబాడీ తండాల మాట కూడా రాసేటట్టయితే మహాప్రాణాలకు (ఖ, ఛ లాంటివాటికి) వాడే పై హెచ్ గుర్తును మొదటిరోజే పెట్టుకోండి, అడుగడుగునా కావాల్సి వస్తుంది. ఏ ధ్వనికైనా కీ తోచకపోతే ఆ పదం కింద రాయండి, చూసి చెప్తాను.