ముందు వాళ్లను చెప్పనివ్వు

అమ్మాయీ,

వచ్చే నెల నుంచి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జనం తాము చూసి పంపే పక్షుల రికార్డులు సరిచూసే పని నీ చేతికి వస్తోందని తెలిసి చాలా సంతోషించాను. ఏళ్ల తరబడి నేను చేసిన పని అది. ఫోన్లో అన్నీ చెప్పలేక రాస్తున్నాను.

అరుదైన పక్షి పేరు కనబడగానే "అదే అని ఎలా అంటున్నారు?" అని అడగాలనిపిస్తుంది. అలా అడగొద్దు. "ఏం చూశారో చెప్పండి" అను. ఎంత దూరం నుంచి చూశారు, ఎండ ఎటు నుంచి పడుతోంది, పక్కన ఇంకే పిట్టలున్నాయి, అది ఏం చేస్తోంది. మొదటి ప్రశ్నకు మనిషి తన పరువు కాపాడుకోవడానికి జవాబిస్తాడు. రెండోదానికి పక్షిని గుర్తు తెచ్చుకుంటాడు.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒకసారి తుఫాను వెలిసిన మర్నాడు కొత్తపట్నం ఒడ్డున ఫ్రిగేట్ అనే సముద్రపు పక్షిని చూశానని ఒక కాలేజీ కుర్రాడు రాశాడు. ఫొటో లేదు. "గద్ద అయ్యుంటుంది" అని ఒక్క ముక్క రాసి పక్కన పెట్టేశాను. రెండేళ్ల తర్వాత ఒంగోలులో కలిసినప్పుడు అతను తన నోటుబుక్కు చూపించాడు. సన్నటి పొడుగు రెక్కలు, లోతుగా చీలిన తోక, కొన వంగిన పొడుగు ముక్కు, రెక్క కొట్టకుండా చాలాసేపు తేలడం, అన్నీ ఆ రోజే రాసుకున్నాడు. తుఫాను గాలికి నడిసముద్రపు పక్షులు ఒడ్డుకు కొట్టుకొస్తాయని నాకు తెలుసు. అయినా తేదీ చూడలేదు, అతన్ని అడగలేదు. ఆ తర్వాత అతను ఒక్క లిస్టు కూడా పంపలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

పులికాట్ నుంచి చిన్న ఫ్లెమింగో అంటూ ఫొటోలు వస్తాయి. చాలాసార్లు అవి పెద్ద ఫ్లెమింగో పిల్లలే. పొట్టిగా, బూడిద రంగులో ఉంటాయి కాబట్టి పొరబడతారు. ముక్కు చూడు. పెద్దదానికి గులాబీ రంగు ముక్కు, కొన మాత్రం నలుపు. చిన్న జాతిలో ముక్కంతా ముదురు ఎరుపు, దూరానికి నల్లగానే కనిపిస్తుంది. పెద్దదాని పిల్లకు ముక్కు బూడిద రంగులో ఉండి, కొన నల్లగా ఉంటుంది. అలాగే చెంచా ముక్కు ఉల్లంకి అనే అరుదైన తీరపు పిట్టను చూశామని ఎవరైనా రాస్తే వరసగా తీసిన ఫొటోలన్నీ పంపమను. ముక్కు కొనకు బురద అంటుకుంటే మామూలు చిన్న ఉల్లంకికి కూడా చెంచా ఉన్నట్టే కనిపిస్తుంది. నాలుగో ఫొటోలో బురద రాలిపోయి ఉండొచ్చు.

కెమెరాలో తేదీ తప్పుందేమో, నేలపట్టులో చూసినదానికి నెల్లూరు టౌను లొకేషన్ పెట్టారేమో కూడా చూడు. 2022లో నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కాబట్టి ఈ తప్పు ఎక్కువే.

రాత్రిళ్లు తుప్పల్లో తిరిగే అరుదైన కలివికోడి సంగతి వేరుగా చెప్పాలి. మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ పేరుతోనే దాన్ని ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే ఊరి వేటగాడు, పరిశోధకుడు కాదు. అందుకే ఉదయగిరి వైపు నుంచి ఏ మేకల కాపరైనా చూశానంటే నవ్వొద్దు. తీతువు బొమ్మ, పొలాల్లో పగలు తిరిగే మామూలు కోర్సర్ బొమ్మ, కలివికోడి బొమ్మ మూడూ చూపించు, పేర్లు చెప్పకుండా. రాత్రా పగలా, తుప్పల్లోనా బయలు నేలలోనా అని అడుగు. నిజమనిపిస్తే ఆ చోటు మాత్రం నలుగురికీ తెలియనివ్వకు.

ఒప్పుకోలేని రికార్డు వాళ్ల సొంత లిస్టులో అలాగే ఉంటుందనీ, అందరూ చూసే మ్యాపులోకి మాత్రం రాదనీ మొదటే చెప్పు. సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఎందుకు ఒప్పుకోలేదో రెండు వాక్యాలు రాయి. "ఆధారాలు చాలవు" అని వదిలేయకు, ఏ ఆధారం కావాలో రాయి. నువ్వు చూసిన అరుదైన పక్షిని నువ్వే ఒప్పేసుకోకుండా ఇంకొకరి చేత చూపించు.

ఇంకొక్కటి. ఆ కొత్తపట్నం రికార్డు ఇంకా అలాగే ఉంది. కుర్రాడి నోటుబుక్కులో ఆ పేజీ ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దాన్ని నేనే మళ్లీ తేల్చడం బాగోదు. పని మొదలుపెట్టగానే ముందు అది తెరిచి చూడు. ఏం తేల్చినా అతనికి నువ్వే రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు