నైబర్‌హుడ్ వాచ్ వాలంటీరు తుపాకీ పేలిస్తే అది ఆత్మరక్షణ అవుతుందా?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఫ్లోరిడాలో కొత్తగా ఇల్లు కొన్న గేటెడ్ కమ్యూనిటీలో మిమ్మల్ని నైబర్‌హుడ్ వాచ్‌లో, అంటే ఇరుగుపొరుగువాళ్ళే తమ వీధుల మీద కన్నేసి ఉంచే బృందంలో, చేరమంటున్నారు కాబట్టి, వాలంటీరుకు చట్టం ఏమైనా ప్రత్యేక అధికారం ఇస్తుందా అన్నది మొదటిది. 2012లో ఇదే రాష్ట్రంలోని సాన్‌ఫర్డ్‌లో పదిహేడేళ్ళ ట్రేవాన్ మార్టిన్‌ను కాల్చి చంపిన వాచ్ వాలంటీరు జార్జ్ జిమ్మర్‌మన్, ఆత్మరక్షణ అని చెప్పి నిర్దోషిగా ఎలా బయటపడ్డాడన్నది రెండవది. మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు: ఏ అధికారమూ ఇవ్వదు, వాలంటీరు కూడా అందరిలాంటి పౌరుడే. రెండవదానికి మాత్రం కొంచెం ఓపికగా చదవాలి. నేను న్యాయవాదిని కాను. సాన్‌ఫర్డ్‌కు దగ్గరలోనే ఉంటూ మా హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) బోర్డులో కొన్నేళ్ళు పనిచేశాను, వాచ్ బాధ్యతలు కూడా ఆ రోజుల్లో నా మీదే ఉండేవి. ఆ పని చేసినవాడిగా ఈ కేసును నేను అర్థం చేసుకున్న తీరు ఇది.

ఘటన జరిగిన రిట్రీట్ ఎట్ ట్విన్ లేక్స్ సుమారు 260 టౌన్‌హౌస్‌లున్న గేటెడ్ కమ్యూనిటీ. 2008 తర్వాత ఇళ్ళ ధరలు కుప్పకూలి, చాలా ఇళ్ళు అద్దెలకు వెళ్ళి, పక్కింట్లో ఎవరుంటున్నారో తెలియని పరిస్థితి అక్కడ ఏర్పడింది. దొంగతనాలు జరిగాయి. 2011 ఆగస్టులో ఒక ఇంట్లోకి దొంగలు చొరబడితే, ఆ ఇంటి ఇల్లాలు పసిబిడ్డను పట్టుకుని పై గదిలో తలుపు వేసుకుని దాక్కుంది. ఆమె తర్వాత కోర్టులో సాక్ష్యం కూడా చెప్పింది. ఆ మరుసటి నెలలోనే జిమ్మర్‌మన్ చొరవతో వాచ్ మొదలైంది. కాబట్టి అక్కడివాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. ఈ సంగతి చెప్పకుండా కేసు గురించి మాట్లాడటం సరికాదని నా అభిప్రాయం.

2012 ఫిబ్రవరి 26 ఆదివారం సాయంత్రం చినుకులు పడుతుండగా, తండ్రితో కలిసి ఆ కమ్యూనిటీలోని ఒక ఇంటికి వచ్చి ఉన్న ట్రేవాన్, దగ్గరలోని దుకాణంలో స్కిటిల్స్ మిఠాయి పాకెట్టు, జ్యూస్ క్యాను కొనుక్కుని, హుడీ తలమీదికి లాక్కుని నడిచి వస్తున్నాడు. అతను నల్లజాతి కుర్రవాడు. తన బండిలోంచి అతన్ని చూసిన జిమ్మర్‌మన్, పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి, ఎవరో వానలో ఊరికే తిరుగుతున్నాడనీ వాలకం అనుమానంగా ఉందనీ చెప్పాడు. కుర్రవాడు పరుగు అందుకోగానే బండి దిగి వెంట వెళ్ళాడు. వెంట వెళ్తున్నారా అని డిస్పాచర్ (ఫోన్ తీసిన పోలీసు శాఖ ఉద్యోగి) అడిగాడు, అవునన్నాడు. మీరు ఆ పని చేయనక్కర్లేదని డిస్పాచర్ అంటే సరేనన్నాడు. ఆ తర్వాత కొన్ని నిమిషాల్లోనే పెనుగులాట జరిగింది, ఒక్క తూటా పేలింది. ట్రేవాన్ పడిపోయిన చోటికీ, అతను చేరవలసిన ఇంటికీ మధ్య వంద గజాల దూరం కూడా లేదు.

పోలీసులు జిమ్మర్‌మన్‌ను ప్రశ్నించి ఆ రాత్రే వదిలేశారు. 2005లో తెచ్చిన ఫ్లోరిడా చట్టం ప్రకారం, బలప్రయోగం చట్టవిరుద్ధమని నమ్మడానికి తగిన ఆధారం ఉంటే తప్ప, ఆత్మరక్షణ అని చెప్పిన వ్యక్తిని అరెస్టు చేయడానికే వీల్లేదు. దేశమంతటా నిరసనలు చెలరేగి, గవర్నరు ప్రత్యేక ప్రాసిక్యూటరును నియమించాక, నెలన్నరకు, ఏప్రిల్ 11న సెకండ్ డిగ్రీ మర్డర్ (ముందస్తు పథకం లేని హత్య) అభియోగం నమోదైంది. 2013 జూన్‌లో విచారణ మొదలై, జూలై 13న ఆరుగురు మహిళల జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది.

ఎందుకు తేల్చిందన్నది అర్థం కావాలంటే, జ్యూరీ ముందున్న ప్రశ్న ఏమిటో చూడాలి. జిమ్మర్‌మన్ చేసింది మంచి పనా, అతను వెంట వెళ్ళకుండా ఉంటే ఆ కుర్రవాడు బతికేవాడా అన్న ప్రశ్నలు మనవి, జ్యూరీని అడిగినవి కావు. తుపాకీ పేల్చిన ఆ క్షణాన, తనకు ప్రాణాపాయమో తీవ్రమైన గాయమో తప్పదని అతను నమ్మాడా, ఆ స్థితిలో వివేకం గల మనిషి ఎవరైనా అలాగే నమ్మేవాడా అన్నదే వాళ్ళు తేల్చవలసింది. పైగా ఆత్మరక్షణ అని నిరూపించుకోవలసిన భారం నిందితుడి మీద లేదు. అది ఆత్మరక్షణ కాదని సహేతుకమైన సందేహానికి తావు లేకుండా ప్రాసిక్యూషనే నిరూపించాలి. మన దేశంలో పద్ధతి వేరు. అక్కడ ఆత్మరక్షణ మినహాయింపు కావాలన్న నిందితుడే, కనీసం తన మాటకు ఎక్కువ సంభావ్యత ఉందని చూపించాలి. పాత సాక్ష్య చట్టంలో 105వ సెక్షను చెప్పింది అదే. మన కోర్టుల వార్తలు చదివి పెరిగిన మనకు ఈ తీర్పు అంత వింతగా తోచడానికి ఇది ఒక ముఖ్య కారణమని నేననుకుంటాను.

ఇక సాక్ష్యం సంగతి. జిమ్మర్‌మన్ ముక్కు మీద దెబ్బ ఉంది, తల వెనక గాయాలున్నాయి. ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి పైన ఉండి కొడుతున్నట్టు కనిపించిందని ఒక పొరుగువాడు చెప్పాడు. పేలుడు సమయంలో తుపాకీ గొట్టం ట్రేవాన్ బట్టలకు తగిలి, ఒంటికి కొన్ని అంగుళాల దూరంలో ఉందని, అతను ముందుకు వంగి ఉన్నప్పుడు అలా జరుగుతుందని డిఫెన్స్ తరఫు ఫోరెన్సిక్ నిపుణుడు చెప్పాడు. ఒక పొరుగింటివారు అత్యవసర నంబరు 911కు చేసిన కాల్ వెనకాల ఎవరో సాయం కోసం అరుస్తున్న కేకలు రికార్డయ్యాయి. ఆ ఒక్క రికార్డింగునే విని, అది నా కొడుకు గొంతేనని ట్రేవాన్ తల్లి చెప్పింది, నా కొడుకు గొంతేనని జిమ్మర్‌మన్ తల్లీ చెప్పింది. విచారణ మొత్తంలో నన్ను ఎక్కువగా కలచివేసింది ఇదే. రెండవ మనిషి కథ చెప్పడానికి బతికి లేడు. జిమ్మర్‌మన్ బోనెక్కి సాక్ష్యం చెప్పలేదు. కానీ పోలీసులకు అతను ఇచ్చిన వాంగ్మూలాలను, మర్నాడు సంఘటనా స్థలంలో నడిచి చూపించిన వీడియోను ప్రాసిక్యూషనే కోర్టులో వేసింది కాబట్టి, క్రాస్ ఎగ్జామినేషన్ లేకుండానే అతని కథ జ్యూరీ చెవిన పడింది.

వెంటపడి గొడవ తెచ్చుకున్నవాడికి ఆత్మరక్షణ హక్కు ఎలా ఉంటుందని మీరు అడగవచ్చు. ముందుగా దాడికి దిగినవాడికి, రెచ్చగొట్టినవాడికి ఆ హక్కును పరిమితం చేసే నిబంధన ఫ్లోరిడా చట్టంలో ఉంది. దాన్ని జ్యూరీకి వివరించాలని ప్రాసిక్యూషన్ కోరింది, వెంట నడవడం రెచ్చగొట్టడం కిందికి రాదని డిఫెన్స్ అభ్యంతరం చెప్పింది, న్యాయమూర్తి ఆ నిబంధనను పక్కన పెట్టారు. దానితో, బండి దిగినప్పటి నుంచి పెనుగులాట మొదలయ్యేదాకా జరిగిందంతా చట్టం దృష్టిలో దాదాపు తెర వెనక్కి పోయింది. అసలు జాతి విషయమే పూర్తిగా బయటికి రాలేదు. 'ప్రొఫైలింగ్' (వాలకం చూసి అనుమానించడం) అన్న మాట వాడవచ్చు గానీ దానికి జాతిని జోడించి మాట్లాడకూడదని న్యాయమూర్తి ముందే చెప్పారు.

'స్టాండ్ యువర్ గ్రౌండ్' అని పిలిచే ఆ 2005 చట్టం వల్లే జిమ్మర్‌మన్ బయటపడ్డాడని చాలామంది రాస్తారు, దానికీ ఈ కేసుకూ సంబంధమే లేదని ఇంకొందరు వాదిస్తారు. నా దృష్టిలో రెండూ సగం సగమే. ఆ చట్టం కింద విచారణకు ముందే రక్షణ కోరే అవకాశాన్ని డిఫెన్స్ వాడుకోలేదు, జిమ్మర్‌మన్ కింద పడి ఉన్నాడు కనుక వెనక్కి తగ్గే వీలే లేదని వాదించింది. కానీ, ఉండే హక్కున్న చోట దాడికి గురైన మనిషి వెనక్కి తగ్గనవసరం లేదన్న వాక్యం జ్యూరీకి ఇచ్చిన సూచనల్లో ఉంది. మొదట్లో అరెస్టు లేకపోవడానికి కారణమూ ఆ చట్టంలోని మాటలే. 2017లో ఫ్లోరిడా దాన్ని ఇంకా గట్టిపరిచి, విచారణకు ముందు జరిగే ఆ దశలో కూడా నిరూపణ భారాన్ని ప్రాసిక్యూషన్ మీదే పెట్టింది.

అలాగని ఫ్లోరిడాలో ఆత్మరక్షణ అంటే చాలు, వదిలేస్తారని అనుకోకండి. 2018లో క్లియర్‌వాటర్‌లో పార్కింగ్ స్థలం గొడవలో తనను నెట్టిన మనిషిని ఒకడు కాల్చి చంపాడు. అక్కడి షెరిఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) మొదట ఈ చట్టాన్నే చూపించి అరెస్టు చేయలేదు. కానీ తుపాకీ చూసి అవతలివాడు వెనక్కి అడుగు వేయడం దుకాణం కెమెరాలో కనిపించింది, జ్యూరీ మ్యాన్‌స్లాటర్ (హత్య కన్నా తక్కువ స్థాయి నరవధ) నేరం కింద దోషిగా తేల్చింది, 20 ఏళ్ళ జైలుశిక్ష పడింది. జార్జియాలో 2020లో అహ్మద్ ఆర్బరీ అనే జాగింగ్ చేస్తున్న యువకుణ్ణి దొంగ అనుకుని ముగ్గురు ట్రక్కుల్లో తరిమి, అందులో ఒకడు కాల్చి చంపి, పౌరులుగా అరెస్టు చేయబోయామని, అతను తుపాకీ మీదికి రాబోతే ఆత్మరక్షణకు కాల్చామని వాదించారు. తరిమిన తీరంతా వాళ్ళలోనే ఒకడు తీసిన వీడియోలో ఉంది. 2021 నవంబరులో ముగ్గురూ హత్యానేరం కింద దోషులయ్యారు. సాన్‌ఫర్డ్‌లో అటువంటి వీడియో లేదు. ఉండి ఉంటే తీర్పు ఏమయ్యేదో ఎవరి ఊహ వారిది.

ఇప్పుడు మీ వాచ్ సంగతికి వస్తాను, ఎందుకంటే చట్టం చివరి నిమిషాన్నే కొలుస్తుందని ఈ కేసు స్పష్టంగా చూపించింది కాబట్టి, దానికి ముందరి నిమిషాలను అదుపులో పెట్టగలిగేది వాచ్ నియమాలు ఒక్కటే. ఆ నియమాలు సాన్‌ఫర్డ్‌లోనూ ఉన్నాయి. వాలంటీర్లు చూడాలి, ఫోన్ చేయాలి, వెంట వెళ్ళకూడదు, ఎదురుపడకూడదు అని తాము ముందే చెప్పామని పోలీసు శాఖ సమన్వయకర్త కోర్టులో వివరించారు. మాకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన డిప్యూటీ (షెరిఫ్ కింది పోలీసు అధికారి) కూడా అదే చెప్పి, ఇంకో మాట అన్నాడు: "అనుమానంగా ఉన్నాడని ఫోన్ చేయకండి, ఏం చేస్తున్నాడో చెప్పండి. కారు తలుపులు లాగి చూస్తున్నాడంటే నేను వస్తాను. నడుస్తున్నాడంటే నన్నేం చేయమంటారు?"

ఆ మాట విలువ నాకు ఒక జనవరి ఉదయాన తెలిసింది. మా కమ్యూనిటీ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టి, ముఖం కప్పుకున్న మనిషి ఒకడు ఇళ్ళను గమనిస్తూ తిరుగుతున్నాడు, జాగ్రత్త అని రాశారు. ఫోటో పెద్దది చేసి చూస్తే మంకీ క్యాపు, భుజాల మీద శాలువా, వెనక్కి కట్టుకున్న చేతులు. మా వీధి చివర ఉండే తెలుగు కుటుంబానికి గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన, చలికి ముసుగు వేసుకుని వాకింగుకు బయలుదేరాడు. ఒక్కో ఇంటి ముందు ఆగి చూస్తున్నది, కొడుకు ఇంటి నంబరు మర్చిపోయి. నేను వెళ్ళేలోపే గోల్ఫ్ కార్టులో ఒకాయన బయలుదేరి ఆయనకు అడ్డంగా ఆపాడు. ఆ కార్టు మనిషి నడుముకు తుపాకీ ఉందని మాకందరికీ తెలుసు. పెద్దాయన నన్ను చూసి, "ఏం బాబూ, ఇటు నడవకూడదా? ఈయనేమిటో కేకలేస్తున్నాడు" అన్నారు. అవతలివాడు అడిగిన ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు, శాలువా లోంచి చేయి తీసి ఏదో చూపించబోయారు. ఆ చేతిలో ఉన్నది కొడుకు ఫోన్ నంబరు రాసిన కాగితం.

ఇది అతిగా భయపడటం కాదు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన సురేశ్‌భాయ్ పటేల్ కొడుకు ఇంటి వీధిలో నడుస్తుంటే, పొరుగువాడొకడు సన్నటి నల్లవాడు ఎవరో తిరుగుతున్నాడని ఫోన్ చేశాడు. వచ్చిన పోలీసు అధికారి, ఇంగ్లీషు రాని ఆ పెద్దాయన్ను నేలకేసి కొట్టడంతో వెన్ను దెబ్బతిని పాక్షికంగా పక్షవాతం వచ్చింది. ఆ అధికారి కూడా చివరికి నిర్దోషిగానే బయటపడ్డాడు. ప్రతి వేసవికీ అమ్మానాన్నలను పిలిపించుకునే మన ఇళ్ళలో, వాచ్ అనేది దొంగల కోసమే కాదు, మనవాళ్ళ మీదికి కూడా తిరగవచ్చన్న సంగతి గుర్తుండాలి.

ఆ ఘటన తర్వాత వాచ్ డ్యూటీలో ఉన్నప్పుడు ఆయుధం ఉండకూడదని మా బోర్డులో తీర్మానం పెడితే పెద్ద గొడవే అయింది. లైసెన్సు ఉన్నవాణ్ణి మీరెవరు ఆపడానికి అన్నారు. వాళ్ళ నోరు మూయించింది నా వాదన కాదు, మా ఇన్సూరెన్స్ ఏజెంటు. కాల్పులు జరిగితే పాలసీ వర్తించదని ఆయన ఒక్క మాట చెప్పగానే తీర్మానం నెగ్గింది. ట్విన్ లేక్స్‌లో జిమ్మర్‌మన్ నిర్దోషి అయినా కాకపోయినా, విచారణ మొదలవకముందే అక్కడి హెచ్‌ఓఏ ట్రేవాన్ తల్లిదండ్రులతో పరిహారం ఒప్పందం చేసుకుంది. నేరం జరిగితే పోలీసులకు చెప్పాక వాచ్ కెప్టెన్ అయిన జిమ్మర్‌మన్‌కు కూడా తెలియజేయమని ఆ హెచ్‌ఓఏ తన న్యూస్‌లెటరులో ప్రకటించి ఉంది మరి.

కాబట్టి మీరు చేరవచ్చు. చేరే ముందు మాత్రం మూడు కాగితాలు అడగండి: వెంటపడకూడదు, ఆపకూడదు, ఆయుధం తేకూడదు అని రాతపూర్వకంగా ఉన్న నియమావళి, వాలంటీర్లకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో తెలిపే పాలసీ పేజీ, శిక్షణ ఎప్పుడు, ఎవరు ఇస్తారన్న వివరం. మొదటిది లేదంటే మిగతా రెండింటి కోసం ఎదురు చూడనక్కర్లేదు, మర్యాదగా వద్దని చెప్పేయండి.