ఆపరేషన్‌కు ముందు కీమో: ఏ మందులు మేలు?

ప్రశ్న: మా అక్కకు 42 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ కనిపిస్తే బయాప్సీ చేయించాం. క్యాన్సర్ అని తేలింది. గడ్డ సుమారు 3 సెంటీమీటర్లు ఉంది, చంకలో ఒక గ్రంథికి పాకింది. ట్రిపుల్ నెగెటివ్ రకమట, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్, హెర్-2 పరీక్షలు మూడూ నెగెటివ్ అని చెప్పారు. ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అంటున్నారు. ఒక డాక్టర్ ఏసీ, ప్యాక్లిటాక్సెల్ చాలన్నారు. ఇంకొకరు కార్బోప్లాటిన్ కూడా కలపాలన్నారు, వీలైతే ఇమ్యునోథెరపీ కూడా అన్నారు. గడ్డను అలాగే ఉంచితే ముదిరిపోదా? ఈ మందుల్లో ఏది మంచిది?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ముందుగా మీ భయం సంగతి చెబుతాను. అమెరికాలో 1988లో మొదలైన ఎన్‌ఎస్‌ఏబీపీ బి-18 అధ్యయనంలో పదిహేను వందల మందికి పైగా మహిళల్లో కొందరికి ఆపరేషన్‌కు ముందు, మిగతావారికి తర్వాత అవే కీమో మందులు ఇచ్చారు. బతికినవారి సంఖ్యలో తేడా రాలేదు. పైగా ముందు ఇచ్చినవారిలో ఎక్కువమందికి రొమ్ము మొత్తం తీయాల్సిన అవసరం తప్పింది. కాబట్టి మీ అక్కయ్యకు ముందు కీమో ఇస్తామనడం ఆలస్యం చేయడం కాదు. ఆ మందు చంకలోని గ్రంథిపైనా, ఒంట్లో ఇంకెక్కడైనా కంటికి కనిపించని కణాలుంటే వాటిపైనా మొదటి రోజు నుంచే పనిచేస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. గడ్డ లోపలే ఉంటే మందుకు ఎంత కరుగుతోందో మాకు తెలుస్తుంది. ఆపరేషన్‌లో తీసిన భాగంలో, గ్రంథుల్లో క్యాన్సర్ ఏమాత్రం మిగలకపోతే తిరగబెట్టే అవకాశం బాగా తగ్గుతుంది. మిగిలితే ఆ తర్వాత కాపెసిటబిన్ మాత్రలు వాడవచ్చు. జపాన్, కొరియా మహిళల్లో జరిగిన అధ్యయనంలో వాటివల్ల, ముఖ్యంగా ట్రిపుల్ నెగెటివ్ రకంలో, ఆయుష్షు పెరిగింది. ముందే ఆపరేషన్ చేసేస్తే ఈ సమాచారం దొరకదు.

ఇక మందులు. ఏసీ అంటే డోక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. మొదటిది ఎర్రగా ఉంటుంది, ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడొద్దు. వాంతులు, జుట్టు రాలడం ఎక్కువ. గుండె బలం చూడటానికి ముందే టూడీ ఎకో తీయాలి. ప్యాక్లిటాక్సెల్‌ను వారానికోసారి ఇస్తే తట్టుకోవడం తేలిక, కానీ అరికాళ్లు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి పెరుగుతుంటే దాచకుండా చెప్పమనండి.

కార్బోప్లాటిన్ విషయంలో నేను రెండో డాక్టర్ వైపే మొగ్గుతాను. అది కలిపితే ట్రిపుల్ నెగెటివ్ గడ్డలు పూర్తిగా కరిగే అవకాశం పెరుగుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. ముంబయిలోని టాటా మెమోరియల్ మన దేశపు మహిళల్లోనే చేసిన పరీక్షలో, 50 ఏళ్లలోపు వారికి ప్రాణం నిలిపే విషయంలోనూ మేలు కనిపించింది. మీ అక్కయ్య వయసు 42. పైగా ఇది మరీ ఖరీదైన మందు కాదు. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పడిపోతాయి కాబట్టి ప్రతి డోసుకు ముందు రక్తపరీక్ష తప్పనిసరి.

ఇమ్యునోథెరపీ అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే వైద్యం. ఇక్కడ వాడే మందు పెంబ్రోలిజుమాబ్. కీనోట్-522 అధ్యయనంలో కీమోకు దాన్ని జోడిస్తే నూటికి 65 మందిలో గడ్డ పూర్తిగా మాయమైంది, కీమో ఒక్కటే ఇచ్చినవారిలో 51 మందికి. ఐదేళ్ల తర్వాత మొదటి గుంపులో నూటికి దాదాపు 87 మంది, రెండో గుంపులో 82 మంది బతికి ఉన్నారు. లాభం నిజమే. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని కొందరు జీవితాంతం మాత్రలు వాడాల్సి రావడమూ నిజమే. ఖర్చు లక్షల్లో ఉంటుంది. స్తోమత ఉంటే వాడండి. పొలం అమ్మితే తప్ప కొనలేం అనుకుంటే మాత్రం, అది లేని వైద్యం దండగ అని ఎవరన్నా నమ్మొద్దు. ఆ 82 మందికి అందింది ప్యాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్, తర్వాత ఏసీ లాంటి మందులే.

తెలిసినవాళ్లకు వేరే ఇంజెక్షన్లు ఇచ్చారని పోల్చుకోకండి. క్యాన్సర్ కణాలపై హెర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే హెర్-2 పాజిటివ్ రకానికి ట్రాస్టుజుమాబ్ ఇస్తారు, అది మీ అక్కయ్యకు పనిచేయదు. హెర్-2 రిపోర్టులో '2 ప్లస్' అని, అంటే అటూ ఇటూ తేలనట్టు ఉంటే మాత్రం, హెర్-2 జన్యువును నేరుగా చూసే ఫిష్ పరీక్ష చేశాకే ట్రిపుల్ నెగెటివ్ అన్నారా అని అడగండి.

మొదటి డోసుకు ముందే గడ్డలో చిన్న క్లిప్ పెట్టించండి. గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో సర్జన్‌కు చూపించేది అదే. వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సర్ ముప్పు ఉందేమో చెప్పే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష కూడా చేయించండి, దాన్ని బట్టి ఆపరేషన్ తీరు మారవచ్చు, మీకూ జాగ్రత్తలు అవసరం కావచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట కీమోకు ముందే డాక్టర్‌కు చెప్పాలి. ఆరోగ్యశ్రీ కింద ఏ మందులు వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

కీమో నడుస్తున్నన్నాళ్లూ ఇంట్లో థర్మామీటర్ ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దాం అనుకోవద్దు. అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లి, కీమో తీసుకుంటున్నారని ముందుగా చెప్పండి.